మూడో నంబరు గది ఇక లేదు

మార్చి వచ్చిందంటే గ్రీసులోని నాక్సోస్ దీవిలో మేం నడిపే చిన్న హోటల్‌కి "అక్కా, మూడో నంబరు గది మాకే ఉంచు" అని మెసేజీలు మొదలవుతాయి. ఈ ఏడూ వచ్చాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండు, లండన్ నుంచి ఒకటి, హైదరాబాద్ నుంచి ఒకటి. ఎవరికీ జవాబు పెట్టలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడానికి నోరు రాక అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను. ఆ గదిని పగలగొట్టించేశాం.

ఎందుకో చెప్పాలంటే కిందటి ఆగస్టు గురించి చెప్పాలి. అప్పుడు మీలో రెండు కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. మిగతావాళ్లు వాళ్ల దగ్గర సగం సగం విని ఉంటారు.

2024 ఆగస్టు 13 సాయంత్రం మా కుళాయిలు ఆగిపోయాయి. 15 మధ్యాహ్నం దాకా చుక్క రాలేదు. తొమ్మిది గదులూ నిండి ఉన్నాయి, మొత్తం పదిహేడుమంది. అందులో పది నెలల పాప ఒకతి. నల్గొండ నుంచి కొడుకుతో వచ్చిన డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు. ఆ పెద్దాయన పద్నాలుగో తారీఖు పొద్దున ఒక్క చెంబుడు నీళ్లతో ఒళ్లు తుడుచుకుని, "మా ఊళ్లో చూడని కరువా తల్లీ" అని నాకే ధైర్యం చెప్పారు. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు తీసుకుని గది ఇచ్చినదాన్ని నేను.

ఆ ఏడు నాక్సోస్ అంతా నీటికి అల్లాడింది. చలికాలం వానలు మొహం చాటేశాయి. ఫనెరోమెని జలాశయం అడుగంటింది. సముద్రం దగ్గరి బావుల్లోకి ఉప్పునీరు ఎక్కి, ఈ దీవికి పేరు తెచ్చిన బంగాళదుంప రైతులు పంట నష్టపోయారు. జాస్ కొండ వాలు మీదున్న మా ఊరికి నీళ్లు సన్నగిల్లుతాయని జూన్‌లోనే అర్థమైంది. అందుకే వారానికి రెండు ట్యాంకర్లు మాట్లాడుకున్నాం, ఒక్కోటి పదివేల లీటర్లు. గదులన్నీ నిండితే రోజుకి రెండున్నరవేల లీటర్ల పైమాటే అవుతుంది, దానికి అది సరిపోతుంది. ట్యాంకర్ వస్తే.

ఆ ట్యాంకర్ ఆయన పేరు రాయను. పద్నాలుగేళ్లుగా మాకు నీళ్లు పోస్తున్నాడు. ఏ రోజు డబ్బు ఆ రోజే చేతిలో పెట్టాం, ఒక్కసారి కూడా రేపు రమ్మనలేదు. వాళ్ల పాప బాప్తిజానికి మేం ఇంటిల్లిపాదీ వెళ్లాం. పదమూడున రావాల్సినవాడు ఫోన్ చేస్తే "ఆవ్రియో" అన్నాడు, అంటే రేపు. పద్నాలుగున చేస్తే మళ్లీ "ఆవ్రియో". మర్నాడు ఫిలోటి ఊళ్లో పానగియా, అంటే మేరీమాత, తిరునాళ్లు, దీవిలో అడుగు పెట్టే చోటు లేదు, ఇంకో ట్యాంకర్ ఎక్కడ దొరుకుతుంది? రాత్రి తొమ్మిదిన్నరకి టార్చి పట్టుకుని అరవై రెండు మెట్లూ దిగి రోడ్డు మీద నిలబడ్డాను. పదింటికి ఆయన బండి వచ్చింది. నా ముందు నుంచే పైకి వెళ్లిపోయింది. వెనక వాల్వు కారుతోంది. దుమ్ములో సన్నని తడిగీత పడింది. ఆ గీత వెంట నడిచి వెళ్లాను. మలుపు దాటాక ఈత కొలను ఉన్న కొత్త విల్లా గేటు దగ్గర ఆగింది. లోపల పైపు వేసి కొలను నింపుతున్నారు.

వాళ్లు ఎక్కువ ఇచ్చి ఉంటారు. ఆ సంగతి నాకు చెప్పి ఉంటే నేనూ ఇచ్చేదాన్ని, లేదంటే ముందురోజే అందరికీ చెప్పి వేరేచోట గదులు చూసేదాన్ని. తర్వాత సెప్టెంబరులో వచ్చాడు, రెండు ట్యాంకర్లు ఊరికే పోస్తానన్నాడు. వద్దన్నాను. దీవిలో ఇంకెక్కడా నీళ్లు లేకపోయినా ఆయన నీళ్లు మా ట్యాంకులో పడవు. మా ఆయన ఇది మొండితనం అంటున్నారు. అననివ్వండి.

ఆ రెండు రోజులూ ఊరి ఊట దగ్గర నుంచి డబ్బాలతో మోశాం. మీ పిల్లలు కూడా మెట్ల మీద వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందించారు. అది మర్చిపోను. ఆరేళ్లుగా వస్తున్న ఒక జంట మాత్రం పద్నాలుగు రాత్రి చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లారు. తర్వాత "నీళ్లు లేని హోటల్" అని రాశారు. రాసినదాంట్లో అబద్ధం లేదు. ఒక్క మాట చెప్పి వెళ్లి ఉంటే బాగుండేదనిపిస్తుంది, అంతే. ఆ రెండు రాత్రుల డబ్బూ అందరికీ తిరిగి పంపేశాం. వద్దన్నవాళ్లకి కూడా.

ఇక మూడో గది. ఆగస్టులో కూడా ఏసీ లేకుండా అంత చల్లగా ఎలా ఉంటుందని మీరంతా అడిగేవారు, రాతిగోడలు కదా అని దాటవేసేదాన్ని. అసలు సంగతి వేరు. అది గది కాదు. మా మామగారి తాత కట్టిన నీళ్లతొట్టి. ఇక్కడ స్టెర్నా అంటారు. సున్నం కొట్టిన డాబా మీద పడిన వాన తూములోంచి అందులోకి దిగేది, ఇంటిల్లిపాదీ ఏడాదంతా అవే నీళ్లు. 1987లో కుళాయి వచ్చాక మా మామగారు దాని అడుగుసగం రాళ్లతో పూడ్చి, మీద గచ్చు పోసి, గోడకి కిటికీ పెట్టి గది చేశారు. డెబ్బై సెంటీమీటర్ల గోడ అందుకే.

తొట్టిని మళ్లీ తెరుద్దామన్న ఆలోచన నాదే. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టొచ్చు కదా అన్నారు, పదివేల లీటర్లంటే పది టన్నులు, ఈ పాత కప్పు మోయదు. బోరు వేయిస్తే కింద పొరుగువాళ్ల ఆలివ్ చెట్ల నోట్లో మట్టి కొట్టినట్టే. మూడో గది తీసేస్తే ఏడాదికి నూట యాభై రాత్రులు, రాత్రికి అరవై యూరోలు, మొత్తం తొమ్మిది వేలు పోతాయి. ఆ లెక్క నాలుగుసార్లు వేసుకున్నాను. కానీ నన్ను ఆపింది ఆ లెక్క కాదు, మా అత్తగారు.

మీరంతా యాయా, అంటే మామ్మ, అని పిలిచే ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆ తొట్టిలో చేద వేసి నీళ్లు తోడారు. "ఇక నీ చేత తాడు పట్టించను" అని మామగారు దాన్ని పూడ్చారు. ఆయన చేత్తో పోసిన గచ్చుని పగలగొట్టడమంటే ఆయన మాటని పగలగొట్టడమే ఆవిడకి. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నేను వండినది కూడా ముట్టలేదు. నేనూ తగ్గలేదు. తప్పు చేస్తున్నానేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, అయినా అక్టోబరులో మేస్త్రీని పిలిచేశాను.

మేస్త్రీ తూము కోసం రెండు రోజులు ఉత్తరం గోడ తవ్వాడు. దొరకలేదు. మూడోరోజు పొద్దున యాయా కర్ర పట్టుకుని వచ్చారు. పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుముక్కతో తూర్పు గోడ మీద, మంచం తల ఉండే చోటికి జానెడు పైన, గుండ్రంగా గీశారు. "ఇక్కడ కొట్టు" అన్నారు. నాలుగు దెబ్బలకి మట్టితూము బయటపడింది. లోపల ఎండిన అంజూరపు ఆకులున్నాయి.

లోపల కొత్తగా కురసాని పూత వేయించాం. ఇటుకపొడి, సున్నం కలిపి చేసే పాతకాలపు పూత అది, మన గానుగ సున్నం లాంటిదే. ఫిబ్రవరిలో శాంతొరిని, అమోర్గోస్ దీవుల మధ్య వరసగా భూమి కంపించినప్పుడు మా పూత ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. మీరంతా మా క్షేమం అడుగుతూ ఫోన్లు చేస్తుంటే నేను దీపం పట్టుకుని తొట్టిలో బీటలు వెతుకుతున్నాను. ఒక్కటీ లేదు. ఇల్లూ బాగుంది.

తొట్టి నిండితే ముప్పైమూడువేల లీటర్లు. అంటే హోటల్ నిండుగా ఉన్నా పన్నెండు, పదమూడు రోజులు గడుస్తుంది. వేసవంతా గట్టెక్కిస్తుందని అబద్ధం చెప్పను. జూలై, ఆగస్టుల్లో వేరే ఆయన ట్యాంకర్ మాట్లాడాం. ఆయన రాకపోతే ఇంకొకరిని వెతుక్కునే వ్యవధి ఇప్పుడు మాకుంది. తొట్టినీళ్లు స్నానాలకి, మరుగుదొడ్లకి. తాగడానికి సీసాలే.

మిగతావి మామూలే. ఎనిమిది గదులు, పాత రేటే. తువాళ్లు మూడు రోజులకొకసారి మారుస్తాం. రెండు స్టార్ల హోటల్ కాబట్టి ప్రభుత్వపు వాతావరణ పన్ను 2025లో గదికి రాత్రికి 2 యూరోలు, 2024లో ఒకటిన్నర ఉండేది, అది ఇక్కడికొచ్చాక కట్టాలి. ఇక్కడి ఫావా పప్పుతో చేసే మన ముద్దపప్పు శనివారాలు ఉంటుంది. ఏజెంట్లు ఇప్పటికీ కొలను కట్టమంటున్నారు. కట్టం.

మూడో గది కావాలన్నవాళ్లకి ఐదో గది ఉంచాను. మూడో గది నీలం కిటికీ రెక్కలు విప్పి ఐదో గదికే బిగించాం. కిటికీలోంచి ఆలివ్ తోటలు కనిపిస్తాయి, గాలి తేటగా ఉన్న రోజు పక్కదీవి పారోస్ కూడా. చల్లదనం మాత్రం అంత ఉండదు, ఫ్యాన్ పెట్టాం. వద్దనుకుంటే చెప్పండి, అడ్వాన్సు వెంటనే పంపేస్తాను, ఏమీ అనుకోను.

ఈస్టర్‌కి ముందు, ఏప్రిల్ 17న తెరుస్తున్నాం. ఇవాళ పొద్దున యాయా తొట్టిలో కొలకర్ర దింపి చూశారు. మీటరు మీద పది సెంటీమీటర్లు ఉంది.