రోజూ వెళ్ళే దారినే గియ్యి

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో అన్నావు కదా, మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేదాకా రోజూ అదే దారి, చూడ్డానికి ఏముంటుంది, బోర్ అమ్మా అని. ఆ మాట నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నాను.

నా దారి నీకు తెలిసిందే. ఇక్కడ విశాఖలో మద్దిలపాలెంలో సిటీ బస్సు ఎక్కితే సత్యం జంక్షన్, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ, ఎయిర్‌పోర్టు, షీలానగర్ మీదుగా గాజువాక. నేను బొమ్మలేసేది ఈ దారినే. అరకు వెళ్ళినప్పుడు నోటుబుక్కు బయటికే తియ్యను, అక్కడ అంతా అందంగానే ఉంటుంది, ఒక్కసారి చూసొచ్చిన చోట ఏది మారిందో మనకేం తెలుస్తుంది? రోజూ వెళ్ళే దారిలో అయితే తెలుస్తుంది. మేఘాద్రిగెడ్డ వంతెన దగ్గర ఒకరోజు నీళ్ళు మడచెట్ల మొదళ్ళదాకా ఉంటాయి, ఇంకోరోజు అదే టైముకి బురద తేలి కొంగలు వాలి ఉంటాయి, సముద్రం పోటూ పాటూ అంత లోపలికి వస్తాయని నేను పుస్తకంలో చదవలేదు, నా పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే తెలిసింది. ఆ ముక్కలో నేను ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే యారాడ కొండ, కుడి పక్కన చోటు దొరికితే సింహాచలం కొండ. వానాకాలం ఉదయం సింహాచలం కొండ సగమే ఉంటుంది, సగమే వెయ్యాలి, మిగతాది మనకి తెలుసు కదా అని పూర్తి చెయ్యకూడదు.

హుద్‌హుద్ తుఫాను అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. 2014 అక్టోబరు 12. తర్వాత బస్సులు తిరగడం మొదలయ్యాక చూస్తే మన స్టాపు దగ్గర నిద్రగన్నేరు లేదు. ఇప్పుడు అక్కడ చెట్టుండేదంటే కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. నా పాత పుస్తకంలో ఉంది, కింద నిలబడ్డ కనకాంబరాల ఆవిడతో సహా. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ రాకముందు సిగ్నల్లో ఎంతసేపు ఆగేవాళ్ళమో నా బొమ్మలు చూస్తే తెలుస్తుంది, ఎదుటి షాపుల బోర్డుల మీద అక్షరాలు కూడా వేసేదాన్ని. ఇప్పుడు ఆ చోటు రెండు గీతల్లో వెళ్ళిపోతుంది.

2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు మొదలైనప్పటి నుంచి నిలబడే వెయ్యాల్సి వస్తోంది, కానీ పేజీలు నిండుగా ఉంటున్నాయి. ఇదివరకు నా బొమ్మల్లో ఇంతమంది ముసలమ్మలు లేరు.

ఎలా వెయ్యాలంటావా, బాల్ పెన్ను చాలు. పెన్సిలయితే చెరపాలనిపిస్తుంది. బండి కుదుపుకి గీత వంకర పోతే పోనీ. నిద్రపోయేవాళ్ళతో మొదలుపెట్టు, కదలరు, కానీ తెలియనివాళ్ళ ముఖాలు గుర్తుపట్టేలా వెయ్యకు, వీపు, జడ, చేతిలో సంచీ వేస్తే చాలు. పూర్తి కాలేదని బాధపడకు, మర్నాడు అదే చోట మిగతాది వెయ్యొచ్చు, అదే దారి కాబట్టేగా ఆ వీలు! రంగు రాసిపెట్టుకో, "చీర వంకాయ రంగు" అని. తేదీ, టైము, ఎండో మబ్బో తప్పకుండా రాయాలి, ఇవి లేకపోతే రెండేళ్ళ తర్వాత ఆ బొమ్మ నీకే అర్థం కాదు.

నీ మెట్రో పైనుంచి వెళ్తుంది కాబట్టి నాకు దొరకనివి నీకు దొరుకుతాయి. కూకట్‌పల్లి, మూసాపేట డాబాల మీద ఎవరు బట్టలు ఆరేస్తారో, ఎవరు తులసి పెంచుతారో, ఏ ట్యాంకు పొంగి పోతోందో. ఫోన్‌తో ఫోటో తియ్యకు, తీస్తే చూడ్డం అయిపోయిందనుకుంటావు.

ఈ వారం ఒక్క పేజీ వేసి నాకు వాట్సాప్‌లో పంపు. బాగుందో లేదో చెప్పను. ఏ స్టేషన్ల మధ్య వేశావో కనిపెట్టగలనేమో చూస్తాను, నువ్వు ముందే చెప్పేయకు.

అమ్మ