మా స్టేషన్ కిట్‌లో ప్లాట్‌ఫారం ఎత్తు తప్పింది: శనివారం ప్రదర్శనలో తెలిసిన సంగతి

మా దగ్గర నమూనా స్టేషన్ కిట్లు కొన్న మిత్రులందరికీ నమస్కారం. గత శనివారం ఇంగ్లండులోని స్విండన్ దగ్గర మా స్థానిక క్లబ్బువారు ఏర్పాటు చేసిన నమూనా రైళ్ళ ప్రదర్శనకు, రెడింగ్, బ్రిస్టల్, స్లౌల నుంచి వచ్చిన నాలుగు తెలుగు కుటుంబాలతో కలిసి మేమూ వెళ్ళాము. రోజంతా ఎంతో సంతోషంగా గడిచింది. ఆ సంతోషం మధ్యలోనే మా కిట్‌లో ఒక తప్పు బయటపడింది. మేము ఇంతవరకు అమ్మిన ప్రతి హెచ్‌ఓ (అసలుకు 87వ వంతు కొలత) స్టేషన్ కిట్‌లోనూ ప్లాట్‌ఫారం ఉండవలసిన దానికన్నా 2.4 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. దానిని మేమే సరిచేసి ఇస్తాము. అది ఎలా తెలిసిందో, ఎందుకు జరిగిందో దాచకుండా చెప్పడం న్యాయమనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. నేనూ నా భార్యా ఇంటి వెనక షెడ్డులో చిన్న లేజర్ కటింగ్ యంత్రం పెట్టుకుని, మన వైపు చిన్న స్టేషన్ల నమూనాలను ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని ఒత్తి చేసిన) పలకల మీద కోసి, పెట్టెలో సర్ది పంపుతుంటాము. పసుపు రంగు బోర్డు మీద ఏ ఊరి పేరు కావాలంటే ఆ ఊరి పేరు వేసి ఇవ్వడం మా ప్రత్యేకత. సామర్లకోట, డోర్నకల్, తుని, గూడూరు ఎక్కువగా అడిగే పేర్లు. కొనేవారిలో చాలామంది పుట్టిన ఊరు వదిలి దూరదేశాలకు వచ్చినవారే కాబట్టి, పెట్టె విప్పినప్పుడు వారికి తమ స్టేషన్ కనిపించాలి. అందుకే ఈ తప్పు నన్ను ఇంతగా బాధపెట్టింది.

ప్రదర్శన ఒక పాఠశాల హాలులో జరిగింది. స్విండన్ రైల్వే ఊరు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజన్ల కర్మాగారం 1843లో ఇక్కడ మొదలై 1986 వరకు నడిచింది, అందులో పనిచేసిన పెద్దలు ఇప్పటికీ మా క్లబ్బులో ఉన్నారు. తలుపు దగ్గర టికెట్ ఇచ్చే పెద్దావిడ, వంటగదిలో టీ, కేకులు అందించే కుటుంబాలు, పాత బోగీలను ఒక అట్టపెట్టెలో వేసి ఏదైనా రెండు పౌండ్లని అమ్మే దుకాణం: ఇక్కడి చిన్న ప్రదర్శనలన్నీ ఇలాగే ఉంటాయి. బల్లల మీద పట్టాలు, పరిసరాలతో అమర్చిన ఒక్కొక్క లేఅవుట్ ఒక్కొక్క ఊరు. ముందు నుంచి చూసేవారికి పొలాలు, వంతెన, స్టేషన్ మాత్రమే కనిపిస్తాయి. వెనుక పలక మాటున ఫిడిల్ యార్డ్ అనే దాపుడు స్థలం ఉంటుంది, తరువాత రావలసిన బళ్ళన్నీ అక్కడ వరుసలో వేచి ఉంటాయి. పిల్లలను పిలిచి ఆ వెనుక వైపు చూపించే సహృదయులు ప్రతి ప్రదర్శనలోనూ ఒకరైనా ఉంటారు. మా అమ్మాయికి బండి పరుగెత్తడం కన్నా, అది ఎక్కడ దాక్కుని ఎక్కడ నుంచి బయటికి వస్తుందో చూడటమే ఎక్కువ నచ్చింది.

మాతో వచ్చినవారిలో రెడింగ్‌లో ఉన్న కూతురి దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. విజయవాడ డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైర్ అయ్యారు. మేమందరం ఆయనను మాస్టారు అనే పిలిచాము. ఒక బ్రాంచి లైను లేఅవుట్‌లో ఇటు చివర ఒకరు, అటు చివర ఒకరు కూర్చుని, బండిని పంపే ముందు గంట కొట్టి ఒకరినొకరు అడుగుతున్నారు. ఒక గంట మోగగానే మాస్టారు అక్కడే ఆగిపోయారు. "పిలుస్తున్నాడు" అన్నారు. కాసేపటికి రెండు గంటలు మోగాయి. ఇంగ్లండులో దానికి బండి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, వస్తోందని అర్థమని నేను చెప్పగా, తమకు ఆ సంకేతాలు వేరని ఆయన అన్నారు. తరువాత సింగిల్ లైను మీద వెళ్ళడానికి అనుమతి గుర్తుగా డ్రైవరుకు టోకెన్ ఇవ్వడం గురించి, ఆ టోకెన్లు ఇచ్చే నీల్స్ యంత్రం లోంచి వచ్చే ఇనుప బంతిని తోలుసంచిలో పెట్టి వెదురు కడియానికి తగిలించి, కదిలే ఇంజన్ వైపు చెయ్యి చాచి అందించడం గురించి, ఆ లేఅవుట్ నడిపే ఇంగ్లీషు ఆయనకు చేతులతో అభినయించి మరీ చెప్పారు. ఆయనకు ఇంగ్లీషు రాక కాదు, చెయ్యి ఎలా చాచాలో మాటల్లో చెప్పడం కుదరదు. ఇద్దరూ అరగంట పాటు అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు, వెనుక బండి ఆగిపోయినా పట్టించుకోలేదు.

మధ్యాహ్నం హాలు బయట పచ్చికలో అందరం పులిహోర, దద్దోజనం తిన్నాక, మా స్టేషన్‌ను పెట్టె లోంచి తీశాను. హెచ్‌ఓ లేఅవుట్ నడుపుతున్న ఒక క్లబ్బు సభ్యుడు తన బల్ల చివర ఖాళీగా ఉన్న రెండు అడుగుల పట్టా మీద దానిని పెట్టి చూసుకోమన్నాడు. బ్రిస్టల్ మిత్రుడి దగ్గర నీలం రంగు ఐ.సి.ఎఫ్. (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ నమూనా ఉంది. దానిని పట్టా మీద పెట్టి వేలితో మెల్లగా తోశారు. స్టేషన్ ముందుకు రాగానే చిన్నగా గరగరమని చప్పుడు వచ్చింది, బోగీ ఒక పక్కకు ఒరిగి ఆగింది. తలుపు కింది మెట్టు మా ప్లాట్‌ఫారం అంచుకు ఒరుసుకుంటోంది. బూడిద రంగు అంచు మీద సన్నటి నీలం గీత పడింది.

మాస్టారు కళ్ళజోడు తీసి, వంగి, బల్ల ఎత్తుకు కళ్ళు తెచ్చి చూశారు. "బాబూ, మన బండికి ప్లాట్‌ఫారం మీద నుంచి ఒక మెట్టు ఎక్కాలి కదా. ఇక్కడ ఆ మెట్టు ఏదీ?" అన్నారు. స్లౌ నుంచి వచ్చిన మిత్రుడు ఇంజనీరు, జేబులో సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ పెట్టుకు తిరిగే మనిషి. పట్టా తలం నుంచి కొలిచారు. సరిగ్గా 12 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ సంఖ్య వినగానే తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది.

బ్రిటన్‌లో ప్రయాణికుల ప్లాట్‌ఫారం ప్రామాణిక ఎత్తు పట్టా మీద నుంచి 915 మిల్లీమీటర్లు. ఇక్కడి వారు ఎక్కువగా వాడే ఓఓ కొలతలో, అంటే 1:76.2 నిష్పత్తిలో, అది 12 మిల్లీమీటర్లు అవుతుంది. మన రైల్వేలో ఎత్తైన ప్లాట్‌ఫారం 760 నుంచి 840 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మా కిట్ 1:87 నిష్పత్తిలో ఉండే హెచ్‌ఓ కొలతది కాబట్టి, ఎంత ఎక్కువ వేసుకున్నా 9.6 మిల్లీమీటర్లు దాటకూడదు. మేము ఇచ్చిన 12 మిల్లీమీటర్లను తిరిగి అసలు కొలతకు మారిస్తే 1,044 మిల్లీమీటర్లు. అంత ఎత్తు ప్లాట్‌ఫారం మన రైల్వే ప్రమాణంలోనూ లేదు, ఇక్కడి ప్రమాణంలోనూ లేదు. నేను మొదటి నమూనా గీసినప్పుడు స్టేషన్ భవనాన్ని మన కొలతలతోనే జాగ్రత్తగా గీశాను గానీ, ప్లాట్‌ఫారం అంచుకు మాత్రం ఇక్కడి దుకాణంలో దొరికిన ఓఓ ముక్కను కొలిచి అదే ఎత్తు పెట్టేశాను. పని తొందరలో చేసిన ఆ ఒక్క అడ్డదారి తరువాత వచ్చిన ప్రతి పెట్టెలోకీ వెళ్ళింది.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నిరుడు వేసవిలో ఒక మిత్రుడు తన బోగీ మెట్టు ప్లాట్‌ఫారానికి ఒరుసుకుంటోందని నాకు రాశారు. నేను కొలిచి చూడకుండానే, ప్లాట్‌ఫారాన్ని పట్టా నుంచి రెండు మిల్లీమీటర్లు దూరం జరపమని సలహా ఇచ్చాను. ఆయన అలాగే చేశారు, దానితో స్టేషన్‌కూ బండికీ మధ్య అక్కరలేని సందు ఏర్పడింది. ఆయనకు నిన్ననే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆ రోజే కాలిపర్ పట్టుకుని ఉంటే ఈ తప్పు ఏడాది ముందే ఆగిపోయేది.

హెచ్‌ఓ, ఓఓ కొలతలు ఇలా కలగాపులగం కావడానికి ఇక్కడ ఒక పాత కారణం ఉంది. బ్రిటన్ ఇంజన్లు ఐరోపా ఇంజన్ల కన్నా ఒద్దికగా, సన్నగా ఉంటాయి. తొలి రోజుల్లో దొరికే విద్యుత్ మోటార్లు 1:87 నిష్పత్తిలో చేసిన బ్రిటిష్ ఇంజన్ కడుపులో పట్టేవి కావు. అందుకని ఇంజన్ శరీరాన్ని కొంచెం పెద్దది చేశారు, పట్టాల మధ్య దూరాన్ని మాత్రం 16.5 మిల్లీమీటర్లు అలాగే ఉంచేశారు. రెండు కొలతల బళ్ళూ ఒకే పట్టా మీద నడుస్తాయి కాబట్టి, వాటి పక్కన పెట్టే ముక్కలు కూడా ఒకటేనని నాలాంటివాడు పొరబడటం సులువు.

అలాంటప్పుడు గేజ్ (పట్టాల మధ్య దూరం) మాటేమిటని మీలో కొందరు ఇదివరకు అడిగారు. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. దానిని 1:87కు తగ్గిస్తే పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు రావాలి. మేము 16.5కే కిట్ చేస్తున్నాము, ఇకముందు కూడా అలాగే చేస్తాము. మీరు కొనగలిగే ఇంజన్లు, బోగీలు దాదాపు అన్నీ ఆ చక్రాలతోనే వస్తాయి, సరైన గేజ్ పెడితే మీ స్టేషన్ ముందు బండే నడవదు. అది తెలిసి చేసుకున్న సర్దుబాటు, కిట్ పెట్టె మీద కూడా అలాగే రాశాము. ప్లాట్‌ఫారం ఎత్తు అటువంటిది కాదు, అది పొరపాటు.

సాయంత్రం వరకు ఉన్నాము. పిల్లలకు బండి నడపనిచ్చే చోట మా అమ్మాయి రెండుసార్లు వరుసలో నిలబడింది. ఒకే పట్టా మీది ఇంజన్లను విడివిడిగా నడిపే డీసీసీ పద్ధతిలో ఒక్కొక్క ఇంజన్‌కు ఒక్కొక్క సంఖ్య ఉంటుందని, కొత్త ఇంజన్లన్నీ మొదట 3 అనే సంఖ్యతో వస్తాయని తెలుసుకుని, ఇంట్లో ఉన్న ఇంజన్‌కు తన పుట్టినరోజు తేదీ పెట్టాలని పట్టుబట్టింది. పెట్టాము.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది, హెచ్‌ఓ కన్నా చిన్న కొలత అయిన ఎన్ గేజ్‌లో చేసిన ఒక లేఅవుట్. రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చి వంతెన కిట్ కావాలని మీరు చాలాకాలంగా అడుగుతున్నారు, నేను కుదరదని చెబుతూ వచ్చాను. 1997లో పూర్తయిన ఆ వంతెనకు ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్ల పొడవున 28 ఆర్చిలు ఉన్నాయి. హెచ్‌ఓలో ఒక్క ఆర్చి 1.12 మీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్లకు పైగా వస్తుంది. శనివారం మేము నిలబడిన హాలు పొడవే అంత లేదు. అయితే ఆ ఎన్ గేజ్ లేఅవుట్ చేసినాయన ఒక పొడవాటి రాతి వంతెనలో మూడు కమానులు మాత్రమే కట్టి, ఒక చివరను చెట్ల గుంపులోకీ రెండవ చివరను పొగమంచు రంగు వేసిన తెర వెనక్కీ పోనిచ్చారు. ఎదురుగా నిలబడి చూస్తే మిగతా వంతెన అటు ఇంకా ఉన్నట్టే ఉంది. ఎన్ గేజ్‌లో 1:160 నిష్పత్తికి మన ఆర్చి ఒక్కొక్కటి 61 సెంటీమీటర్లు అవుతుంది. రెండు ఆర్చిలు, కింద నీళ్ళు, ఒక పడవ ఒక టీపాయి మీద పడతాయి. ఇంటికి వచ్చాక నా భార్య గీయడం మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారాల పని పూర్తయ్యే వరకు దానికి ఆర్డర్లు తీసుకోము, డబ్బు కూడా ముందుగా తీసుకోము.

ఇప్పుడు చేయవలసిన పని సంగతి. ఇప్పటికి 63 మంది మా హెచ్‌ఓ స్టేషన్ కిట్ కొన్నారు. అందరికీ కొత్త ప్లాట్‌ఫారం ముక్కలను తపాలా ఖర్చుతో సహా మేమే పంపుతాము, మీరు పాతవి తిప్పి పంపనక్కరలేదు. ఇంకా జిగురు పెట్టనివారు దయచేసి ఆగండి. ఇప్పటికే అతికించి, ఊడదీయడానికి మనసొప్పనివారు ప్లాట్‌ఫారాన్ని బల్ల మీద నుంచి లేపగలిగితే, పక్క గోడల అడుగు అంచు నుంచి 2.4 మిల్లీమీటర్ల దగ్గర స్టీలు స్కేలు ఆనించి, పదునైన బ్లేడుతో ఒకే చోట ఏడెనిమిది సార్లు తేలికగా గీయండి. ఒకేసారి బలంగా నొక్కితే ఎం.డి.ఎఫ్. అంచు నూకలా రాలిపోతుంది. రెండు చివరల వాలు ముక్కలను మాత్రం కోయవద్దు, వాటి కోణం మారిపోతుంది. అవి మేము పంపే వరకు ఆగడం మంచిది. ఎన్ గేజ్ కిట్‌ను కూడా ఆదివారం మళ్ళీ కొలిచాము. దానిని మొదటి నుంచీ మన కొలతలతోనే గీశాను కాబట్టి అది సరిగానే ఉంది.

మాది ఒక్కటే యంత్రం, పనిచేసేది ఇద్దరం. కాబట్టి వచ్చే మూడు వారాలు పాతవారి ముక్కలే కోస్తాము, కొత్త ఆర్డర్లు ఆ తరువాతే కదులుతాయి. అంతవరకు ఆగలేనివారికి పూర్తి డబ్బు తిరిగి ఇచ్చేస్తాము. కారణం అడగము. కిట్ ధర పెంచడం లేదు.

మాస్టారు వచ్చే నెల విజయవాడ వెళ్ళిపోతున్నారు. ఆయన తొలి పోస్టింగ్ అయిన చిన్న స్టేషన్ పేరుతో ఒక బోర్డు అడిగారు. పైన తెలుగు, తరువాత హిందీ, ఇంగ్లీషు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు ఎన్ని మీటర్లో కూడా ఉండాలన్నారు. ఆ సంఖ్య ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. మీ ఊరి బోర్డుకు ఆర్డర్ ఇచ్చేవారు మాత్రం దయచేసి ఆ చివరి వరుస స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి జతచేసి పంపండి. ఇకమీదట ఏ అంకె అయినా దాని అసలు చూసిన తరువాతే కోస్తాము.