వెయ్యిలో తొమ్మిదిమంది గురించే రాస్తే ఎలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. వైద్య పరిశోధనలో ఉద్యోగాలు అనగానే పత్రికల కెరీర్ పేజీలు పెద్దాసుపత్రినీ, మందుల కంపెనీనీ, ల్యాబునీ చూపించి ఊరుకుంటున్నాయి. నర్సింగ్, ఫార్మసీ, జీవశాస్త్రం, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇంకో దారి లేదనుకుని ఆ గుమ్మాల ముందే వరస కడుతున్నారు. జనం ఒంట్లో బాగాలేనప్పుడు మొట్టమొదట వెళ్లే డాక్టరు దగ్గర (దీన్నే ప్రాథమిక వైద్యం అంటారు), వృద్ధాశ్రమాల్లో, ఇంటికొచ్చి చేసే సంరక్షణలో కూడా పరిశోధన జరుగుతుందనీ, దానికి మనుషులు చాలా అవసరమనీ చెప్పేవాళ్లు తక్కువ. ఆ పని ఎలా ఉంటుందో, ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్లం కనుక ఈ ఉత్తరం.

1961లో కెర్ వైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక లెక్క కట్టారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. బోధనాసుపత్రి దాకా వెళ్లేది ఒకే ఒక్కరు. 2001లో అమెరికాలో ఇదే లెక్క మళ్లీ చూస్తే మిగతా అంకెలు కొంత మారాయి గాని, ఆసుపత్రిలో చేరేవాళ్లు 8 మంది దగ్గరే నిలిచారు. ఆ ఎనిమిది, తొమ్మిదిమంది మీద తేలిన ఫలితాన్ని తెచ్చి మిగతా అందరికీ వర్తింపజేస్తే నప్పదు. దగ్గుకు యాంటీబయాటిక్ అవసరమా, నడుంనొప్పికి ఏ వ్యాయామం పనికొస్తుంది, వృద్ధాశ్రమంలో పడిపోవడాలు ఎలా తగ్గించాలి లాంటి ప్రశ్నలకు జవాబు వార్డులో దొరకదు.

దొరికే చోట వెతికితే ఏమవుతుందో కోవిడ్ కాలంలో చూశాం. 2020లో బ్రిటన్‌లో మొదలైన ప్రిన్సిపల్ అనే ట్రయల్, అంటే చికిత్స పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసే పరీక్ష, ఇళ్లలోనే ఉన్న రోగుల మీద జరిగింది. ఉబ్బసానికి పీల్చే బుడెసొనైడ్ మందు, ముప్పు ఎక్కువున్నవాళ్లు కోలుకునే గడువును సుమారు 3 రోజులు తగ్గించిందని 2021లో అది తేల్చింది. దాని తర్వాత వచ్చిన పానోరమిక్ ట్రయల్‌లో మోల్నుపిరవిర్ మందును పరీక్షించడానికే 25 వేలమందికి పైగా చేరారు. ఆ పనిలో ఫోన్లు చేసినవాళ్లు, మందుల పొట్లాలు ఇళ్లకు పంపినవాళ్లు, రోజువారీ డైరీ నింపమని మళ్లీమళ్లీ గుర్తుచేసినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల ఉద్యోగాల గురించే మేం చెబుతున్నది.

ఆసుపత్రిలో రోగి మంచం మీద ఉంటాడు, వెతకక్కర్లేదు. ఇక్కడ అతను ఎవరో, ఎక్కడున్నాడో మనమే తేల్చుకోవాలి. అందుకే ఈ రంగంలో సగం పని జాబితా తయారుచేయడం. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది గాని, ట్రయళ్లు ఎక్కువగా కూలేది అక్కడే. మందుల పరీక్షల్లో పేరుపొందిన లూయీ లసాన్యా అనే వైద్యుడి పేరు మీద పరిశోధకులు చెప్పుకునే సూత్రం ఒకటుంది: ట్రయల్ మొదలైన రోజు నుంచి ఆ జబ్బున్నవాళ్లు మాయమైపోతారు, ముగియగానే మళ్లీ ప్రత్యక్షమవుతారు. నిజానికి మాయమైనవాళ్లు ఎవరూ లేరు. మొదట రికార్డులు తెరిచి చూడకుండా నోటిలెక్క వేసుకున్నారు, అంతే.

అధ్యయనం ఎలా జరపాలో రాసిపెట్టిన పత్రంలో, అంటే ప్రోటోకాల్‌లో, '60 ఏళ్లు దాటి, షుగర్ ఉండి, కిడ్నీ జబ్బు లేనివాళ్లు' అని ఒక్క వాక్యం ఉంటుంది. కంప్యూటరు రికార్డుల్లో వెతకబోతే ఆ వాక్యం పది ప్రశ్నలవుతుంది. షుగర్ అని కోడ్ వేశారా, లేక డాక్టరు నోట్సులో మామూలు మాటల్లో రాసి వదిలేశారా? కోడ్ ఉన్నా అది రోగి జబ్బుదా, 'తండ్రికి షుగర్' అనే కుటుంబ చరిత్రదా? గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చి పోయిన షుగరా? కిడ్నీ పరీక్ష ఫలితం కనిపించకపోతే జబ్బు లేనట్టా, పరీక్షే చేయించనట్టా? అందుకని మొదటి వెతుకులాటలో వచ్చిన పేర్లలో ఓ 20 రికార్డులు తెరిచి ఒక్కొక్కటీ చదవాలి. అందులో నాలుగైదు తప్పని తేలితే వెతికే షరతులు మార్చాలి, జాబితాను అలాగే ముందుకు నెట్టకూడదు. తర్వాత డాక్టరు కూడా ఓసారి చూడాలి. చివరిదశ జబ్బున్నవాళ్లను, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లను తీసేయగలిగేది ఆయనే. ఆహ్వానపత్రాలు పోస్టు చేసే రోజు పొద్దున చనిపోయినవాళ్ల వివరాలతో జాబితాను మరోసారి సరిపోల్చాలి. పోయిన మనిషి పేరున 'మా అధ్యయనంలో చేరండి' అని ఉత్తరం వెళితే ఆ కుటుంబం పడే బాధకు క్షమాపణ చాలదు. జాబితా రెండు వారాలు పాతబడినా చాలు, ఈ పొరపాటు జరగొచ్చు.

ఎవరిని తీసేశామో, ఎందుకు తీసేశామో స్క్రీనింగ్ లాగ్‌లో పేరు లేకుండా, అంకెతో రాయాలి. ఎంతమందిని చూశాం, ఎంతమంది అనర్హులు, ఎంతమంది వద్దన్నారు అనే లెక్క చివర్లో వ్యాసంలో పటంగా ఇవ్వాలని, ట్రయల్ ఫలితాలను ఎలా రాయాలో చెప్పే కాన్సార్ట్ నియమాలు అడుగుతాయి. ఏ రోజు లాగ్ ఆ రోజే రాయకపోతే ఏడాది తర్వాత ఆ అంకెలను ఎవరూ పుట్టించలేరు.

ఇక్కడ రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ల గురించి ఒక మాట. ఉత్తరం అందుకున్న మనిషి ఫోన్ చేసేది పరిశోధకుడికి కాదు, తనకు తెలిసిన క్లినిక్ నంబరుకు. 'మాకేం తెలీదండీ' అని జవాబొస్తే ఆ మనిషి మళ్లీ చేయడు. రిసెప్షనిస్టుకు అరపేజీ కాగితం ఇచ్చి, పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పని ట్రయల్ చేజేతులా మనుషులను పోగొట్టుకుంటుంది.

సమ్మతి తీసుకోవడమంటే సంతకం పెట్టించుకోవడమని చాలామంది కొత్తవాళ్లు అనుకుంటారు. వివరాల పత్రం ముందుగా ఇచ్చి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకునే వ్యవధి వదలాలి. తర్వాత 'మీకు అర్థమైనది మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. 'అర్థమైందా?' అంటే అందరూ అవుననే అంటారు. తేదీ సంతకం చేసినవాళ్లే వేసుకోవాలి. ఆడిట్‌లో తరచూ దొరికే తప్పు చాలా చిన్నది: ఎథిక్స్ కమిటీ కొత్త సమ్మతి పత్రాన్ని ఆమోదించాక కూడా సొరుగులో మిగిలిన పాత కాపీల మీద సంతకాలు తీసుకోవడం. కొత్తది వచ్చిన రోజే పాతవన్నీ ఏరి, ఒకటి ఫైలులో ఉంచి, మిగతావి చించేయాలి.

మతిమరుపు జబ్బున్నవాళ్ల విషయం ఇంకా జాగ్రత్తది. నిర్ణయం తీసుకునే శక్తి ఉందా లేదా అన్నది ఆ మనిషి మీద వేసే ముద్ర కాదు. ఆ ఒక్క నిర్ణయానికి, ఆ వేళకు సంబంధించినది. చెప్పింది అర్థం చేసుకుని, కాసేపు గుర్తుంచుకుని, మంచిచెడులు బేరీజు వేసి, ఏదో ఒక రీతిలో తన మాట తెలపగలిగితే చాలు. పొద్దున పదింటికి ఇవన్నీ చేయగలిగిన పెద్దాయన సాయంత్రానికి అయోమయంలో ఉండొచ్చు. అందుకే పొద్దునే వెళ్లాలి. శక్తి లేదని తేలితే ఏం చేయాలో ఒక్కో దేశపు చట్టం ఒక్కోలా చెబుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 నాటి చట్టం ప్రకారం దగ్గరివాళ్లను సంప్రదించాలి. వాళ్లు సరేనన్నా, ఆ తర్వాత ఆ వ్యక్తి చేయి వెనక్కి లాక్కున్నా, ముఖం తిప్పుకున్నా అక్కడితో ఆపేయాలి. ఈ చివరి సంగతి ఫారాల్లో కనబడదు. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. సోషల్ వర్క్ చదివినవాళ్లు ఈ రంగంలో రాణించడానికి ఇదొక కారణం.

వృద్ధాశ్రమంలో షిఫ్టు మారే వేళ, భోజనాల వేళ, మందులిచ్చే వేళ పోతే పని జరగదు సరికదా, రెండోసారి గేటు దగ్గరే మొహం చాటేస్తారు. అక్కడ ఆయాలు, సహాయకులు తరచూ మారిపోతుంటారు, కాబట్టి ఒక్కరికే నేర్పి వచ్చేయకూడదు. కనీసం ఇద్దరు, ముగ్గురికి నేర్పాలి. మన కోసం కొత్త ఫారం నింపమంటే మొదటి వారం నింపుతారు, మూడో వారం మానేస్తారు. వాళ్లు ఎలాగూ రాసే మందుల చార్టులో, పడిపోయినవాళ్ల రిజిస్టరులో ఉన్న సమాచారం వాడుకునేలా అధ్యయనాన్ని మలచుకోవాలి. వృద్ధుల తరఫున వేరొకరు జవాబు చెప్పే ప్రశ్నావళిలో మొదటిసారి కూతురు, ఆరు నెలలకు సహాయకురాలు జవాబిస్తే, తేడా కనిపించింది రోగి ఆరోగ్యంలోనో, చూసే కళ్లలోనో ఎవరూ చెప్పలేరు. ఎవరు జవాబిచ్చారో ప్రతిసారీ రాయాలి, వీలైతే ఒకరినే అడగాలి.

ఇలాంటి చోట మనుషులను విడివిడిగా కాక ఆశ్రమానికి ఆశ్రమాన్నే కొత్త సేవ అందే పక్షంలోనో, అందని పక్షంలోనో వేస్తారు. ఒకేచోట ఉండేవాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక ఎక్కువమంది కావాలి. ఆశ్రమానికి 20 మంది చొప్పున, ఆ పోలిక (సున్నా అంటే అసలు లేదు, 1 అంటే అచ్చం ఒకేలా) 0.05 అనుకుంటే, 1 కి 19 రెట్ల (20లో ఒకటి తక్కువ) 0.05 కలిపితే 1.95. అంటే విడివిడిగా వేసే ట్రయల్‌కు 200 మంది చాలితే దీనికి 390 మంది కావాలి. ఏ ఆశ్రమం ఏ పక్షమో తెలియకముందే మనుషులను చేర్చుకోవడం ముగించాలి. తెలిశాక చేర్చుకుంటే, కొత్త సేవ అందే చోట బాగా నడవగలవాళ్లకే ఆహ్వానం వెళ్లడం ఎవరూ కావాలని చేయకపోయినా జరిగిపోతుంది.

కొలతలకు చేతివాటం కంటే ఓపిక కావాలి. బీపీకి ముందు 5 నిమిషాలు కూర్చోబెట్టాలి, చేయి గుండె ఎత్తులో ఆనాలి, పట్టీ చేతికి సరిపోవాలి. పట్టీ ఇరుకైనా, చేయి కిందకు వేలాడినా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఒకటి, రెండు నిమిషాల ఎడంతో రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి. డిజిటల్ మిషన్ అంకెల్లో సున్నాతో ముగిసేవి దాదాపు పదోవంతు ఉండాలి. సగం దాకా ఉంటే ఎవరో గుండ్రంగా రాసేస్తున్నారని అర్థం. రక్తం తీస్తే, సీరం ట్యూబు గడ్డకట్టడానికి అరగంట ఆగాలి. రక్తం గడ్డకట్టనివ్వని మందు ఉండే ఊదారంగు మూత ట్యూబును కుదపకుండా 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తిరగేయాలి. సీరం వేరుచేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే పొటాషియం లేనిపోని ఎత్తుకు పోతుంది. ఇళ్ల దగ్గర రక్తం తీసి మూడు ఊళ్లు తిరిగొచ్చేవాళ్లు ఈ గడియారం మరిచిపోకూడదు. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీలు దాటితే ఆ మందు పారేయొద్దు, వాడొద్దు. విడిగా, చల్లగానే ఉంచి, చీటీ అంటించి, ట్రయల్ నడిపేవాళ్లను అడగాలి.

రాత విషయంలో రెండే సంగతులు. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది, పొడి సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ పనికిరాదు. ఖాళీ గడికి అర్థాలు చాలా ఉంటాయి: అడగలేదు, చెప్పలేదు, వర్తించదు, సున్నా. ఒక్కోదానికి వేరే గుర్తు ముందే నిర్ణయించాలి. 'తెలియదు'కు 99 అని పెట్టుకుని వయసు గడిలోనూ అదే వాడితే, సగటు వయసు చూసి గణాంక నిపుణుడు తల పట్టుకుంటాడు.

కొత్తవాళ్లు తికమకపడే ఇంకో మాట 'తీవ్రమైన దుష్ప్రభావం'. తల పగిలిపోయేంత నొప్పి ఆ కోవలోకి రాకపోవచ్చు. చిన్న పక్షవాతానికి ఆసుపత్రిలో చేర్చుకుంటే అది వస్తుంది. చావు, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరిక లేదా అక్కడ ఎక్కువ రోజులుండాల్సి రావడం, శాశ్వత వైకల్యం, పుట్టుకతో లోపం అనేవి ప్రధాన కొలబద్దలు. మనకు తెలిసిన 24 గంటల్లో చెప్పాలని చాలా ప్రోటోకాళ్లు అడుగుతాయి. ప్రాథమిక వైద్యంలో చిక్కు ఏమిటంటే, మనకు తెలియనే తెలియదు. శనివారం రాత్రి వేరే ఆసుపత్రిలో చేరిన మనిషి సంగతి నెల తర్వాతి ఫోన్‌లో బయటపడుతుంది. కనుక పాల్గొనేవాళ్ల జేబులో ఒక కార్డు ఉండాలి, ప్రతి ఫోన్‌లోనూ 'క్రితంసారి మాట్లాడాక ఎక్కడైనా రాత్రి ఆసుపత్రిలో ఉన్నారా?' అనే ప్రశ్న ఉండాలి.

ఇందులో రీసెర్చ్ నర్సు, కోఆర్డినేటర్, డేటా మేనేజర్, ట్రయల్ సరిగా నడుస్తోందో తనిఖీ చేసే మానిటర్, ఫార్మసిస్టు, ఎథిక్స్ దరఖాస్తులు చూసేవాళ్లు, రోగుల సలహా బృందాలను నడిపేవాళ్లు, ఇలా చాలా కొలువులున్నాయి. నర్సింగ్ డిగ్రీ అన్నింటికీ అక్కర్లేదు. జీసీపీ (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్), అంటే ట్రయళ్లు సవ్యంగా జరపడానికి ఉన్న అంతర్జాతీయ నియమావళి మీద శిక్షణ మాత్రం తప్పదు. ఆ నియమావళి 1996లో వచ్చింది, 2016లో సవరించారు, మూడో రూపం 2025 జనవరిలో ఖరారైంది. కనుక కోర్సులో చేరేముందు ఏ రూపం చెబుతున్నారో అడగాలి. సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లడం మాత్రం మేం మెచ్చం. బహిరంగంగా దొరికే ప్రోటోకాల్ ఒకటి తీసుకుని, దానికి అర్హతల చెక్‌లిస్టు, స్క్రీనింగ్ లాగ్, ఒక్కో విజిట్‌కు గడువు తేదీలు లెక్కగట్టే స్ప్రెడ్‌షీటు తయారుచేసి తీసుకెళితే అంతకన్నా మంచి పరిచయం లేదు. 30వ రోజు విజిట్‌కు ముందూ వెనకా 7 రోజుల వెసులుబాటు ఉంటే అది 23 నుంచి 37వ రోజు దాకా అని, చేరిన రోజును సున్నా అనాలా ఒకటి అనాలా అన్నది ప్రోటోకాల్‌లోనే చూడాలని తెలిసిన అభ్యర్థిని ఎవరూ వదులుకోరు.

లోటుపాట్లూ చెప్పాలి. ఈ కొలువుల్లో చాలావరకు గ్రాంటుతో పుట్టి గ్రాంటుతో పోయేవి. ఒకే పనికి ఒకచోట అసిస్టెంట్ అని, ఇంకోచోట ఆఫీసర్ అని పేరు. కాబట్టి చేరేముందు అడగాల్సినవి: ఒప్పందం ఎన్ని నెలలు, అధ్యయనం ఆలస్యమైతే జీతం ఎవరిస్తారు, ఇళ్లకు తిరిగే ప్రయాణం పని గంటల్లోకి వస్తుందా, ఒంటరిగా తెలియని ఇంటికి వెళ్లినప్పుడు ఏ వేళకు ఎవరికి ఫోన్ చేయాలి. చివరి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేని చోట చేరొద్దు.

మీ కెరీర్ పేజీలో ఈసారి వైద్య పరిశోధన గురించి వేసేటప్పుడు ఈ కొలువులకూ చోటివ్వాలని మనవి.

ఇట్లు,
ప్రాథమిక వైద్య, సామాజిక సంరక్షణ పరిశోధనల్లో పనిచేసే కొందరు