వదిలేసిన ముక్క

సంపాదకులు గారికి,

మీ ఆదివారం భక్తి పేజీలో మత్తయి సువార్త 4వ అధ్యాయం మీద వచ్చిన వ్యాసం చదివాను. విశ్వాసం గట్టిగా ఉన్నవాళ్ల జోలికి సైతాను రాడని అందులో రాశారు. నేను 34 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. సండే స్కూల్లో పిల్లలకు ఈ అధ్యాయం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నాకైతే అక్కడ కనబడేది వేరు.

అరణ్యంలో 40 రోజులు ఉపవాసమున్న యేసును మొదట అపవాది, అంటే సైతాను, రాళ్లను రొట్టెలు చేసుకోమన్నాడు. యేసు పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం మాటతో జవాబిచ్చాడు. ఓహో, ఈయన వాక్యాన్ని నమ్మే మనిషి అనుకున్నాడేమో, రెండోసారి వాడూ ఒక వాక్యం పట్టుకొచ్చాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు చేతులతో ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. దూతలున్నారని నమ్మనివాడు ఆ మాటకు దూకుతాడా? నమ్మేవాడి కోసమే తవ్విన గొయ్యి అది.

వాడు చెప్పింది 91వ కీర్తన. మన ఇళ్లలో కేలండర్ల మీద ఉండేదే. 11వ వచనం తీసి చూడండి, "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అని ఉంటుంది. మత్తయిలో వాడు ఆ ముక్క ఎత్తనే లేదు. తన దారిన తాను నడిచేవాడికి ఇచ్చిన మాటను తీసుకెళ్లి దూకేవాడికి అంటగట్టాడు. 13వ వచనంలో భుజంగాలను అణగదొక్కుతావని ఉంది. అక్కడిదాకా పోలేదు, పోడు మరి, ఆ సర్పం తానే కదా!

ఇంతగా రాయడానికి కారణం మా అక్క. ఆమెకు 20 ఏళ్లుగా షుగరు. ఒక ఏడాది లెంట్, అంటే ఈస్టరుకు ముందు వచ్చే 40 ఉపవాస దినాలు, మొదలయ్యే ముందు, ఉపవాస కూటంలో ఎవరో ప్రసంగీకుడు ఇదే కీర్తన చదివి, మాత్రలు మింగేవాళ్లది సగం విశ్వాసమన్నాడట. అక్క ఆ 40 రోజులూ మాత్రలు మానేసింది. ఫోన్లో నాతో మాత్రం బాగానే ఉన్నానే అనేది. చర్చి ఆవరణలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే కంకర రాయి గుచ్చుకుంది. షుగరుతో పాదాలు ఎప్పుడో మొద్దుబారాయి కాబట్టి తెలియలేదు. వాసన వచ్చాక చూసుకుంది. రెండు వేళ్లు తీసేశారు.

ఆస్పత్రి మంచం మీద నన్నడిగింది, "నా పాదానికి రాయి తగలనివ్వనన్నాడు కదే, తగిలిందే! నాకు విశ్వాసం చాల్లేదంటావా?"

అప్పుడు నోట మాట రాలేదు. రాత్రి డ్యూటీ అలవాటు, నిద్ర పట్టక ద్వితీయోపదేశకాండం 6:16 తీశాను. యేసు రెండో జవాబు అందులోదే. మస్సా అనే చోట దాహమేసినప్పుడు ఇశ్రాయేలీయులు, దేవుడు మన మధ్య ఉన్నాడా లేడా అని నిలదీశారు. అలా శోధించవద్దని, అంటే పరీక్ష పెట్టవద్దని, ఆ వచనం. మన తెలుగు బైబిలులో సైతాను యేసును చేసిందీ శోధనే, మనుషులు దేవుణ్ణి చేసిందీ శోధనే, మాట ఒక్కటే. పొద్దున్నే అక్కతో అన్నాను, "నీ విశ్వాసానికి తక్కువేం లేదు. నిన్ను గోడెక్కించి దూకమన్నారు, దూకావు." చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఇన్సులిన్ వేయించుకుంది.

యేసు దూకలేదు. అయినా మత్తయి 4వ అధ్యాయం 11వ వచనంలో దూతలు వచ్చారు, వచ్చి "పరిచర్య" చేశారు. 40 రోజులు పస్తున్న మనిషికి చేసే పరిచర్య ఏమై ఉంటుంది? నర్సుని కాబట్టి నాకు తిండీ నీళ్లే తోస్తాయి. పండితులు నవ్వినా ఫర్వాలేదు.

ఇకమీదట మీ పేజీలో ఆ కీర్తన వేసినప్పుడు "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క కూడా వేయండి. అక్క చదువుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు, చీరాల