పంపు విప్పించే ముందు

అమ్మడూ,

పికప్ బండి ఇంజను మధ్యమధ్యలో దెబ్బ తప్పి మిస్ కొడుతోందనీ, మెకానిక్ ఇంజెక్టర్లకి డీజిల్ తోసే పంపు విప్పి సర్వీసుకి పంపిద్దామంటున్నాడనీ రాశావు. ఇప్పుడే ఒప్పుకోకు. పాత డీజిల్ బండి రోజంతా కాకుండా అప్పుడప్పుడూ మాత్రమే మిస్సవుతోందంటే ముందు గాలి చూడాలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే నాజిళ్ళూ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు మొనలు), టాపెట్లూ (వాల్వుల్ని తెరిచే భాగాలు). పంపు అన్నిటికన్నా చివర. ఖర్చు కూడా అదే వరసలో పెరుగుతుంది.

మొదట ఒకటి తేల్చుకో. ఒక్క సిలిండరే ఎగ్గొడుతోందా, ఇంజను మొత్తం ఒక్కసారి లాగుడు పోయి మళ్ళీ అందుకుంటోందా? ఒక్కటే అయితే ఐడిల్‌లో నాలుగు దెబ్బల్లో ఒకటి తక్కువ వినిపిస్తుంది, బానెట్ అదే లెక్కలో కుదుపుతుంది. మొత్తం పోతోందంటే డీజిల్ అందట్లేదు, లేదా పంపు మీద ఉన్న స్టాప్ సాలినాయిడ్‌కి, అంటే కరెంటు ఉన్నంతసేపే డీజిల్ వదిలే మీటకి, కరెంటు అందట్లేదు. సముద్రం వైపు తిరిగే బళ్ళకి ఆ కనెక్టరులో పచ్చగా చిలుము పడుతుంది. గతుకులో 12 వోల్టులు క్షణం తెగినా ఇంజను తడబడుతుంది. బండి స్టార్ట్‌లో ఉంచి ఆ వైరు కదిపి చూడు. ఫ్యాను బెల్టు దగ్గర చున్నీ జాగ్రత్త.

నీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క, ట్యాంకు సగం దిగాక ఏటిగట్టు ఎక్కేటప్పుడే ఎక్కువ వస్తోందన్నది. ట్యాంకు నుంచి, పెద్ద పంపుకి డీజిల్ అందించే చిన్న ఫీడ్ పంపు దాకా డీజిల్‌ని పీల్చుకోవడమే కానీ తోయడం ఉండదు. ఆ దారిలో పైపు ఎక్కడ చిట్లినా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనపడదు, “లీకేం లేదండి” అనేస్తారు. ట్యాంకు లోపలి సక్షన్ గొట్టానికి మధ్యలో తుప్పు పట్టి చిల్లు పడిందనుకో, డీజిల్ ఆ చిల్లుకి పైన ఉన్నంతసేపూ బండి బంగారంలా నడుస్తుంది. మట్టం దిగగానే మొదలు. నా అనుమానం దీనిమీదే.

రూఢి చేసుకోవడం కష్టం కాదు. ఫిల్టరుకీ పంపుకీ మధ్య రబ్బరు పైపు తీసి, అదే సైజులో లోపల కనపడే డీజిల్ పైపు అడుగు పొడుగు ముక్క వేసి క్లిప్పులు బిగించు. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు బుడగలు వస్తే పట్టించుకోకు. ఆగకుండా వస్తుంటే గాలి పడుతోందన్నమాట. అప్పుడు ఫీడ్ పంపుకి వచ్చే పైపునీ, మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ పైపునీ శుభ్రమైన 5 లీటర్ల డీజిల్ క్యానులో ముంచి నడుపు. బుడగలు ఆగిపోతే తప్పు ట్యాంకు వైపు ఉంది. ఆగకపోతే ఫీడ్ పంపు, ఫిల్టరు వాషర్లు చూడాలి. క్లిప్పు కింద రబ్బరు గట్టిపడి చీలితే ఆ చివర అంగుళం కోసి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది, పొడుగు మిగిలితేనే.

నీళ్ళ సంగతి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడాలి. ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలో గ్లాసుడు పట్టు. నీళ్ళుంటే అడుక్కి చేరి గీత కనపడుతుంది. రొయ్యల చెరువుల దగ్గర జనరేటరు డ్రమ్ములోంచి పోయించుకునే డీజిల్‌తో ఈ బాధ ఎక్కువ. సగం ఖాళీ డ్రమ్ములో రాత్రి చెమ్మంతా లోపలే దిగుతుంది.

ఇవి రెండూ బాగుండి ఒక్క సిలిండరే పోతుంటే, ఐడిల్‌లో ఇంజెక్టరు పైపు నట్టు ఒక్కొక్కటే గుడ్డ చుట్టి అరచుట్టు వదులు చేసి, విని, బిగించు. చప్పుడు దిగజారితే అది పనిచేస్తున్న సిలిండరు. ఏ మార్పూ లేకపోతే చచ్చింది అదే. కళ్ళద్దాలు పెట్టుకో. నీది మెకానికల్ పంపు కాబట్టి చెబుతున్నాను. అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందించే కామన్ రైల్ బండి మీద మాత్రం ఎవరు చెప్పినా ఇలా చెయ్యకు. అక్కడ ఒత్తిడి 1,000 బార్ (మామూలు గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు) దాటుతుంది, ధార చర్మంలోంచి దూసుకుపోతుంది.

దొరికిన సిలిండరు ఇంజెక్టరుని పక్కదానితో మార్చించు. మిస్ కూడా పక్కకి వెళితే నాజిల్ తప్పు. అదొక్కటే టెస్టుకి పంపితే చాలు. అక్కడే ఉండిపోతే టాపెట్ గ్యాప్, తర్వాత కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు) చూడాలి. వేడెక్కాకే మిస్సయితే టాపెట్ బిగుతుగా ఉండి వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదేమో చూడాలి. ఇంజెక్టరు తీసినప్పుడల్లా కింద రాగి వాషరు కొత్తది వేయించు. పాతది గుంటలోనే అతుక్కుని ఉంటే దానిమీద ఇంకొకటి వేసేస్తారు, నువ్వు దగ్గరుండి టార్చి వేసి చూడు. వాషరు సరిగ్గా కూర్చోకపోతే ఇంజెక్టరు చుట్టూ నల్లగా తారులా మసి కడుతుంది.

పైపు విప్పిన ప్రతిసారీ డీజిల్ దారిలో ఉన్న హ్యాండ్ పంపు కొట్టి, గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లకి మించి తిప్పకు, నిమిషం ఆగి మళ్ళీ తిప్పు.

ముందు ట్యాంకు నిండా కొట్టించి, మొక్కల లోడుతో కడియం నుంచి రావులపాలెం వెళ్ళిరా. నిండు ట్యాంకు మీద మిస్ అసలు రాకపోతే సక్షన్ గొట్టం విప్పించు. వస్తే ఎప్పుడొచ్చిందో, పొగ తెల్లగా ఉందో నల్లగా ఉందో నాకు రాయి.

నాన్న