డిష్ కోసం కరెంటు తీగల దగ్గర పైపులు లేపకుండ్రి

సంపాదకుడు గారికి నమస్కారం,

మాది వరంగల్ కరీమాబాద్ దిక్కు, ఇరుకు గల్లీ. పోయిన నెల కేబుల్ బంద్ చేసి దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టించుకుందామనుకున్నం, నెలనెలా కట్టుడు బరువైతున్నది, మా అత్తమ్మ చూసేదే యాదగిరి ఛానల్, ఒక్కసారి సామాను కొనుక్కుంటే మళ్ల నెల బిల్లు ఉండదు గదా అని. ఆ రోజు మా ఇంటి ముందట జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతయి, అందుకే ఈ ఉత్తరం రాస్తున్న.

ఎంత ఎత్తుల పెడితే అంత మంచిగ సిగ్నల్ వస్తదని మా ఆయన హార్డ్‌వేర్ షాపుల నిండు జీఐ పైపు తెచ్చిండు, 20 ఫీట్లది. మా మెట్లు మలుపు తిరిగి ఉంటయి, పైపు పట్టలే. డిష్ పెట్టనీకి వచ్చిన పిల్లగాడు, ఇరవై ఏండ్లుంటయో లేవో, రోడ్డు మీద నిలబడి పైపును నిలువుగ లేపిండు, స్లాబ్ మీదికెళ్లి మా చిన్నోడు వంగి అందుకుంటున్నడు. స్లాబ్ పక్కపొంటే లెవెన్ కేవీ లైన్, అంటే పెద్ద కరెంటు లైన్, పోతది. ఇద్దరి కండ్లు పిట్టగోడ మీదనే ఉన్నయి గని పైన కొస ఎటు పోతున్నదో ఒక్కరూ చూస్తలేరు. నేను ఎదురింటి గద్దె మీద కూసున్న కాబట్టి కనపడ్డది, పైపు కొస మెల్లగ తీగ దిక్కు ఒరుగుతున్నది, నడుమ మూరెడు జాగ కూడా లేదు. నేను పెట్టిన కేకకు ఆ పిల్లగాడు బెదిరి పైపు ఇడిసిపెట్టిండు, మా చిన్నోడు కూడా ఇడిసిండు, అది గచ్చు మీద పడి మోగిన సప్పుడు ఇంకా నా చెవులల్ల ఉన్నది. కింద ఒకరి బిడ్డ, పైన నా బిడ్డ, ఒక్క ఇనుప పైపు మీద ఇద్దరి చేతులు.

ఆ తీగలకు పైన రబ్బరు ఉంటదని ఇప్పటికీ చానమంది అనుకుంటరు, మా ఇంట్ల కూడా గట్లనే అనుకున్నరు. ఉండదు, మన గల్లీలల్ల పోయే లెవెన్ కేవీ తీగలు ఎక్కువ శాతం ఒట్టి అల్యూమినియం తీగలే, అందుల 11 వేల వోల్టులు. తగలకపోయినా మరీ దగ్గరికి పోతే నిప్పు దూకుతది. ఇంటికి ఆ లైన్ పక్కకు కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగు ఫీట్లు, పైకైతే 3.7 మీటర్లు, అంటే పన్నెండు ఫీట్లు దూరం ఉండాలని కేంద్ర నిబంధనలల్ల ఉన్నది. మా ఇంటికి అంత లేదు. తప్పు మాది కూడా ఉన్నది, చెప్పకుండ దాచను. లైన్ ముందునుంచే ఉన్నది, మా మామ కట్టింది రేకుల ఇల్లు, మేము తర్వాత స్లాబ్ పోసి పైన ఇంకో అర్ర ఎక్కించినం. మా గల్లీల సగం ఇండ్లు గిట్లనే పెరిగినయి. పైకి కట్టుకునేటప్పుడు తీగ ఎంత దూరమున్నదని కొలిచి చూసినోళ్లు ఒక్కరూ లేరు.

అసలు తెలుసుకోవాల్సింది ఏందంటే డిష్‌కు ఎత్తు అక్కర్లేదు. ఎత్తు అవసరమున్నది వెనుకటి ఏంటెనాలకు, వాటికి సిగ్నల్ నేల మీద టవర్ నుంచి అడ్డంగ వచ్చేది, నడుమ ఇండ్లు చెట్లు అడ్డం తగలకుండ వెదురు బొంగులు, పైపులు కట్టి లేపేవాళ్లం. డిష్‌కు సిగ్నల్ ఆకాశం నుంచి వస్తది. ఫ్రీ డిష్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తది, వరంగల్ నుంచి చూస్తే అది ఆగ్నేయం దిక్కు, నేల నుంచి అరవై డిగ్రీల పైనే, అంటే తల బాగా ఎత్తి చూడాలె. ఆ దిక్కు ఆకాశం కనపడితే చాలు, డిష్ స్లాబ్ మీద మోకాలెత్తుల ఉన్నా, ఇరవై ఫీట్ల మీద ఉన్నా బొమ్మ ఒక్కతీర్గనే వస్తది. ఈ ఒక్క ముచ్చట మాకు ముందుగాల ఎవరన్న చెప్పి ఉంటే ఆ పైపు మా ఇంటికే రాకపోవు. కోతులు ఊపుతయని ఎత్తుల పెడతరు ఇంకొందరు, మా దిక్కు కోతుల బాధ అందరికీ తెలిసిందే గని పొడుగు పైపు పట్టుకొని ఊగుడే వాటికి ఇంకా సులువు, పొట్టి స్టాండును స్లాబ్‌కు నాలుగు బోల్టులు కొట్టి బిగిస్తే కదలదు.

వానకాలం సంగతి ఇంకొకటి చెప్పాలె. పెద్ద వాన పడితే డిష్ సిగ్నల్ పోతది, మబ్బు, వాన నీళ్లు అడ్డం రావడంతోటి. వాన తగ్గంగనే దానంతట అదే వస్తది, డిష్ జరగలేదు, ఏమీ కరాబు కాలేదు. కానీ మనోళ్లు ఏం చేస్తరు, సీరియల్ ఆగంగనే మగపిల్లలను తడి స్లాబ్ మీదికి తోలుతరు, జర తిప్పి రాపోరా అని. ఉరుములు మెరుపుల నడుమ ఇనుప పైపు పట్టుకొని నిలబడుడు, పక్కన కరెంటు తీగ. దండం పెట్టి చెప్తున్న, ఎవ్వరూ పోవద్దు, పోనియ్యద్దు. ఉరుములొస్తయని డిష్ వైరు బాక్స్ నుంచి ఊడదీయాలనుకుంటే కూడా మెరుపులు మొదలుకాకముందే తీయాలె.

పాత ఏంటెనాలు కూడా చూడుండ్రి. దూరదర్శన్ వాళ్లు నేల మీది పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి కల్లా కొన్ని చోట్ల తప్ప దేశమంతా బంద్ చేసిండ్రు. అయినా మా గల్లీల తుప్పుపట్టిన ఏంటెనా బొంగులు ఇంకా నాలుగైదు ఇండ్ల మీద నిలబడే ఉన్నయి, కట్టిన తీగలు ఊడిపోయినయి. ఎండకాలం గాలిదుమారంల ఒక్కటి తీగల మీద పడితే ఎవరు జవాబు చెప్తరు. తీసేటప్పుడు కూడా తీగ దగ్గరుంటే సొంతంగ ముట్టద్దు, కరెంటు వాళ్లకు 1912 నంబర్‌కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి ఎల్సీ (లైన్ బంద్ చేయనీకి సబ్‌స్టేషన్ అనుమతి) తీసుకొని లైన్ బంద్ చేసినంకనే పని పట్టాలె. అరగంట ఆలస్యమైతది, కానియ్యుండ్రి.

నేను అడిగేవి పెద్దవేం కావు. డిష్‌లు అమ్మేటోళ్లు, పెట్టేటోళ్లు సామాను దించకముందే ఒకసారి తల ఎత్తి తీగ యాడున్నదో చూడాలె. పైపు ఎంత పొడుగుంటే తీగ అంతకంటే ఎక్కువ దూరం ఉండాలె, ఎందుకంటే పడితే అంత దూరం పడతది. ఆ పిల్లగాండ్లకు ఇది పని నేర్పేటప్పుడే చెప్పాలె, రోజుకు ఎన్ని పెడితే అన్ని పైసలు అని ఉరికిస్తే వాళ్లు మాత్రం ఏం చూస్తరు. కరెంటు అధికారులు ఇరుకు గల్లీలల్ల ఒట్టి తీగల జాగల రబ్బరు తొడుగున్న కేబుల్ వేయాలె, ఒక్కసారే అన్ని చోట్ల కాదు, పిట్టగోడకు చెయ్యి చాపితే అందేంత దగ్గర లైన్ ఉన్న గల్లీలల్ల ముందుగాల. మున్సిపాలిటీ వాళ్లు పై అంతస్తుకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు తీగ దూరం కొలిచి ఇయ్యాలె.

ఆ పిల్లగాడు తెల్లారి మళ్లొచ్చిండు. వస్తడో రాడో అనుకున్న. మా ఆయన పైపును కోయించి మూడు ఫీట్ల ముక్క ఒక్కటి ఇచ్చిండు, తీగలు లేని దిక్కు, మెట్ల గది వెనుక బిగించి ఆగ్నేయం దిక్కు తిప్పిండు, పది నిమిషాలల్ల యాదగిరి ఛానల్ వచ్చింది. వానలు మొదలయ్యేలోపే మీ పేపర్ల ఇది వేయాలని కోరుతున్న.

ఇట్లు,
ఒక గృహిణి,
కరీమాబాద్, వరంగల్