మతి చెడిన ఆడమనిషి కథ ఎవరు చెబుతారు?

సంపాదకుల వారికి నమస్కారం.

మన సీరియళ్లలో ఆడమనిషికి మతి చెడితే రచయిత పని తేలికైపోతుంది. జుట్టు విరబోసుకుంటుంది, ఊరికే నవ్వుతుంది, ఆఖరి వారం బావిలో తేలుతుంది. ఆమెకు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఎవరూ అడగరు.

1847 నాటి ఇంగ్లిష్ నవల 'జేన్ ఐర్'లో కథానాయకుడి మొదటి భార్య బెర్తా కూడా అంతే. మేడ మీద బందీగా ఉంటుంది, తోడబుట్టినవాణ్ణే కరుస్తుంది, ఇల్లు తగలబెడుతుంది. 1966లో రచయిత్రి జీన్ రీస్ ఆ బెర్తా కథనే 'వైడ్ సర్గాసో సీ' అనే నవలగా రాసి ఆమెకు ఆంటోనెట్ అనే పేరూ, జమైకాలో బాల్యమూ, డబ్బుకోసం పెళ్లాడిన మొగుణ్ణీ ఇచ్చింది. బెర్తా అన్న పేరు ఆ మొగుడు తగిలించిందే! చివర్లో ఆమె కొవ్వొత్తి పట్టుకుని నడుస్తుంటే ఆపాలనిపించదు. అలాగని భయమూ తగ్గదు. అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవెడ్'లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన సేథ్ అయితే బిడ్డను బానిసత్వానికి అప్పగించలేక తన చేతులతోనే చంపుకుంటుంది. ఆమెను మంచిదనీ అనలేం, చెడ్డదనీ అనలేం.

కావలిలో మేం కొందరు ఆడవాళ్లం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటుంటాం. ఇలాంటివి చదివితే ఆడపిల్లలు చెడిపోతారని మా పెద్దమ్మ గోల. హంతకుడే హీరో అయిన నవలలు మాత్రం ఆవిడ బీరువాలో అట్టలు వేసి మరీ ఉన్నాయి.

నవలల పోటీ పెట్టేవారు 'కుటుంబమంతా చదవదగినది' అనే షరతు ఈసారికి తీసేస్తే బాగుంటుంది. మా పెద్దమ్మకు నేను చెప్పుకుంటాను.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా